లేన్ పెన్సిల్ గీతల్లో రాళ్లకు అంత బరువు ఎలా వచ్చింది?

బొమ్మలు వేసే అలవాటున్నవాళ్లు కాస్త సాయం చేయండి.

మేముండేది బోస్టన్ దగ్గర. ఉత్తరాన గ్లాస్టర్ అనే చేపల రేవు ఉంది, చిత్రకారుడు ఫిట్జ్ హెన్రీ లేన్ (1804–1865) సొంతూరు. చిన్నప్పుడే కాళ్లు పడిపోయి, ఊతకర్రలతోనే తిరిగాడు. బోస్టన్‌లో లితోగ్రఫీ (రాతి పలక మీద గీసి కాగితంపై అచ్చువేసే) పని నేర్చి, తర్వాత సముద్ర చిత్రాలతో పేరు తెచ్చుకున్నాడు. ఆయన పెన్సిల్ స్కెచ్‌లు చాలా వరకు గ్లాస్టర్‌లోని కేప్ ఆన్ మ్యూజియంలోనే ఉన్నాయి. రేవు వెడల్పంతా పట్టించడానికి కాగితాలు పక్కపక్కన అతికించి గీసినవీ ఉన్నాయి. నాకు ప్రాణం అవే.

రాళ్ల ఒడ్డు గీసిన చోట షేడింగ్ దాదాపు లేదు. సన్నటి అంచు గీత, లోపల నాలుగైదు పగుళ్లు, అంతే. నీళ్లంటే ఖాళీ కాగితమే. అయినా రాయి కదలదనిపిస్తుంది! నేను అలాగే గీస్తే రాళ్లు తేలిపోతున్నాయి.

రాయి నీటిని తాకేచోట గీతను గట్టిగా నొక్కాలా, తెంపి వదిలేయాలా? హెచ్‌బీ (మామూలు రాత పెన్సిల్) చాలా, ఇంకా గట్టి పెన్సిల్ కావాలా? కాగితాలు అతికించేటప్పుడు దిగంత రేఖ వంకరపోకుండా ముందే ఏం చేసుకోవాలి?

ఇంకో ఇబ్బంది. గ్లాస్టర్‌లో ఆటుపోట్ల తేడా దాదాపు 9 అడుగులు. సగం గీసేసరికి కింది రాళ్లు మునిగిపోతాయి. ఒడ్డున కూర్చుని గీసేవాళ్లు నీటి గీతను మొదటే ఖాయం చేసుకుంటారా? మీ స్కెచ్ ఏదైనా ఉంటే ఫోటో పెట్టండి, చూసి నేర్చుకుంటాను.