మెడిచీ, బోర్జియా సీరియళ్లలో నిజమెంత? చూసినవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం: 'మెడిచీ: మాస్టర్స్ ఆఫ్ ఫ్లారెన్స్' మొదటి సీజన్ అయిపోయింది. మొదట్లోనే ఇటలీలోని ఫ్లారెన్స్ నగరపు బ్యాంకరు జొవాన్ని మెడిచీని విషం పెట్టి చంపేస్తారు. ఎవరు చంపారా అని కొడుకు కోసిమో సీజనంతా వెతుకుతాడు. నేను నిజమేననుకుని మా తమ్ముడికి పూస గుచ్చినట్టు చెప్పాను. తీరా చదివితే, ఆయన 1429లో పెద్దవయసులో మామూలుగానే పోయాడు. చాలా బాధేసింది. మీకూ ఇలా ఎక్కడైనా తగిలిందా?

పాతపుస్తకం: ఫ్లారెన్స్ పెద్ద చర్చి గుమ్మటం సంగతీ అంతేనండి. తండ్రి పోయాక కోసిమో పట్టుబట్టి బ్రూనెల్లెస్కీ అనే వాస్తుశిల్పితో కట్టించినట్టు చూపించారు. ఆ పని 1420లోనే మొదలైంది, అప్పటికి జొవాన్ని బతికే ఉన్నాడు. పైగా ఆ నిర్మాణం చూసుకున్నది ఉన్ని వర్తకుల సంఘం. ఒక ఊరంతా పదహారేళ్లు పడ్డ కష్టాన్ని ఒక్క ఇంటి ఖాతాలో వేయడం నాకు విషం కథ కంటే పెద్ద తప్పనిపిస్తుంది.

రాత్రిబండి: రోమ్‌లోని పోప్ కుటుంబం కథ 'ది బోర్జియాస్'లో, ఆయన కొడుకు హువాన్‌ని తోడబుట్టిన చెసారేనే పొడిచి నదిలో పడేస్తాడు. అసలు హంతకుడెవరో ఇప్పటికీ తేలలేదు. 1497 జూన్‌లో టైబర్ నదిలో శవం దొరికింది. ఒంటి మీద తొమ్మిది పోట్లు, డబ్బు సంచి మాత్రం అలాగే ఉంది. ఒడ్డున కలప కాపలా ఉన్న మనిషి రాత్రి శవాన్ని పడేయడం చూశాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, ఇలాంటివి వందదాకా చూశాను, ఎవరూ పట్టించుకోలేదు అన్నాడట. ఆ ఒక్క మాటలో అప్పటి రోమ్ మొత్తం కనిపిస్తుంది. దీనికి మించిన సీను ఇంకేం కావాలి?

వానచినుకు: నాదో మాట. ఆ సీరియల్ చూడకపోతే నేను హువాన్ చెల్లెలు లుక్రేసియా గురించి చదివేదాన్నే కాదు. ఆమె మనుషులకు విషం పెట్టేదని పేరుంది కానీ, దానికి ఆధారమే లేదు. ఫెరారా పాలకుడి భార్యగా, డచెస్‌గా బతికి, 1519లో కాన్పయిన కొద్ది రోజులకే చనిపోయింది. సీరియళ్లను మరీ తిట్టకండి.

దూరపుచుట్టం: పోయినేడు ఫ్లారెన్స్ వెళ్లాం. 1478 ఏప్రిల్ 26, ఆదివారం, అక్కడి పెద్ద చర్చిలో ప్రార్థన జరుగుతుండగా, మెడిచీలకు పోటీ కుటుంబమైన పాజీల మనుషులు కోసిమో మనవడు జూలియానోని చంపేశారు. మెడ మీద గాయంతో అతని అన్న లొరెంజో పక్కగదిలోకి పరుగెత్తాడు. ఆ గది కంచు తలుపులు ఇంకా అక్కడే ఉన్నాయి. దూరం నుంచే చూశాను, ఒళ్లు జలదరించింది. 'మెడిచీ' రెండో సీజన్ ఆఖర్లో ఈ దాడే వస్తుంది.

కృష్ణాతీరం: అయితే ఈ రాత్రే రెండో సీజన్ మొదలుపెడతా. తమ్ముడికి మాత్రం ఈసారి చదివాకే చెబుతాను.