పేగులేని పురుగుల తెలుపు పోయింది, బ్యాక్టీరియా చచ్చినట్టేనా?

ఇసుకమేట: పొద్దుట్నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కింది. ఎల్బా ద్వీపం దగ్గర సముద్రగడ్డి పక్కన ఇసుకలోంచి తీసిన ఒలేవియస్ ఆల్గార్వెన్సిస్ పురుగులివి. తీసినప్పుడు సున్నం పూసినట్టున్నాయి, ఇవాళ గాజు దారాల్లా ఉన్నాయి. ఫిష్ (FISH, బ్యాక్టీరియాని వెలిగే రంగుతో గుర్తుపట్టే) పరీక్షకి పనికొస్తాయా, పారబోయాలా?

నల్లపొగ: ఆగండాగండి. 1977లో గాలపాగోస్ దగ్గర దొరికిన రిఫ్టియా అనే గొట్టపు పురుగు తెలుసుగా, దాని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌నీ సల్ఫైడ్‌నీ ఒకేసారి మోసి ట్రోఫోసోమ్‌లోని (బ్యాక్టీరియా ఉండే అవయవంలోని) బ్యాక్టీరియాకి అందిస్తుంది. అసలు అందం అక్కడే...

పాతకటకం: అడిగింది రిఫ్టియా గురించి కాదు. పురుగుల్ని ఎందులో దాచారు?

ఇసుకమేట: మామూలుగానే.

పాతకటకం: మామూలుగా అంటే?

ఇసుకమేట: ఆల్కహాల్‌లోనే కదండీ!

పాతకటకం: అదీ సంగతి. ఆ తెలుపు, పురుగులో ఉండే గామా రకం బ్యాక్టీరియా లోపల దాచుకున్న గంధకపు గుళికలది. గంధకం ఆల్కహాల్‌లో కరిగేది కొంచెమే, కానీ 0.2 మి.మీ. లావు పురుగుకి ఒక మిల్లీలీటరు చెరువంత. గుళికలు కరిగి గుంతలు మిగులుతాయి, బ్యాక్టీరియా ఎక్కడివక్కడే ఉంటాయి. పారబోయకండి. ఈసారి మాత్రం ముందు, కణాల్ని ఉన్నదున్నట్టు నిలిపే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో చల్లగా ఉంచి, కడిగి, ఆ తర్వాతే ఆల్కహాల్‌లోకి మార్చండి. తెలుపు ఫొటో కావాలంటే బతికుండగానే, నల్లటి అడుగు మీద, వెలుతురు పైనుంచి వేసి తీయాలి. కిందనుంచి వేస్తే ఆ తెలుపే నల్లగా కనిపిస్తుంది.

నల్లపొగ: తొట్టెలో ఉండగానే పాలిపోయుంటే కథ వేరు. సల్ఫైడ్ (గంధకం ఉండే పదార్థం) అందకపోతే గామా దాచుకున్న గంధకాన్నే వాడేసుకుంటుంది. ఎల్బా ఇసుకలో సల్ఫైడ్ ఎటూ తక్కువే, అందుకే పురుగులోనే ఉన్న డెల్టా రకం బ్యాక్టీరియా, సల్ఫేట్ నుంచి దాన్ని తయారుచేసి గామాకి ఇస్తుంది. గామా ఆ సల్ఫైడ్ నుంచి వచ్చే శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ని తిండిగా మార్చుకుని పెరుగుతుంది. పురుగు ఆ బ్యాక్టీరియానే అరిగించుకుని బతుకుతుంది. అంతఃసహజీవులంటే (ఇంకో జీవి లోపల కలిసి బతికేవంటే) ఇవీ!

పాతకటకం: అంతఃసహజీవులు కావు. ఉండేది క్యూటికల్ (ఒంటి పైపొర) కింద, ఎపిడెర్మిస్ (చర్మం) కణాల మధ్య. కణాల బయట.

నల్లపొగ: పొర కింద ఉంటే లోపలున్నట్టు కాదా? 2001 నేచర్ పేపర్ శీర్షికలోనే ఎండోసింబయాటిక్ (అంతఃసహజీవి) అని ఉంది.

ఇసుకమేట: తొట్టెలో మిగిలిన రెండూ తెల్లగానే ఉన్నాయి. అయితే ఆల్కహాల్ పనే. థాంక్సండీ.

పాతకటకం: శీర్షికలో ఉంటే కణంలోకి దూరిపోయినట్టా?

నల్లపొగ: కణంలో అని నేనెప్పుడన్నాను? పైకెళ్ళి చదవండి.