చిన్న మిగ్-15 కంట్రోల్ లైన్ నమూనా: వాలు రెక్కలో తీగలు ఎక్కడి నుంచి బయటికి రావాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. తిన్నని రెక్కల శిక్షణ నమూనాను కంట్రోల్ లైన్ మీద, అంటే చేతి పిడికి కట్టిన రెండు తీగలతో నా చుట్టూ వృత్తంలో తిప్పుతూ, తడబాటు లేకుండా ఎగరేయగలుగుతున్నాను. ఇప్పుడు జెట్ యుద్ధవిమానం చేయాలని ఉంది. మిగ్-21 అంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం. అయితే మొదటి జెట్‌కు మిగ్-15 మేలని కొందరు అంటున్నారు. 1/20 స్కేలు, బాల్సా (చాలా తేలికైన చెక్క) పలకతో చదునైన బాడీ, ముక్కులో చిన్న ఎలక్ట్రిక్ మోటారు, 10.6 మీటర్ల తీగలు అని అనుకున్నాను. మొత్తం బరువు 200 గ్రాములు దాటకూడదు.

అనుమానాలు ఇవి. రెండింటిలో ఏది ఎంచుకోవాలి? రెక్కలు వెనక్కి వాలి ఉన్నప్పుడు గరిమనాభి (విమానం బరువు ముందూ వెనకా సరితూగే బిందువు) ఎక్కడ పెట్టాలి? తీగలను శిక్షణ నమూనాలో లాగా ఎడమ రెక్క కొస నుంచే బయటికి తీయవచ్చా? మిగ్-15 నక్షాలో నేను గీసిన రెక్క వెడల్పు మొదట్లో (బాడీ మధ్యగీత దగ్గర) 125 మి.మీ., కొసన 80 మి.మీ., సగం రెక్క పొడవు 252 మి.మీ.

జవాబు

మీ మూడో అనుమానమే అన్నిటికంటే ముఖ్యమైనది. అక్కడికి వస్తాను, ముందు విమానం సంగతి.

మిగ్-21 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 7.15 మీటర్లే, వైశాల్యం మాత్రం 23 చదరపు మీటర్లు. మిగ్-15కి 10.08 మీటర్లు, 20.6 చదరపు మీటర్లు. అంటే మీ స్కేలులో మిగ్-21 రెక్కల పొడవు 358 మి.మీ. మాత్రమే, మిగ్-15ది 504 మి.మీ. పొట్టి డెల్టా రెక్క తక్కువ వేగంలో ముక్కు బాగా పైకెత్తితే తప్ప బరువు మోయలేదు. అలా ఎత్తినప్పుడు గాలి నిరోధం విపరీతంగా పెరుగుతుంది. మోటారు ఆగిన మరుక్షణం వేగం పడిపోయి తీగలు వదులవుతాయి. మిగ్-15 రెక్క అంత కఠినంగా శిక్షించదు. ముందు దానినే చేయండి, మిగ్-21 తర్వాత చేయవచ్చు. దానికీ ఇదే లెక్క పనికొస్తుంది.

ఇక గరిమనాభి. వాలు రెక్కకు మొదటి వెడల్పును బట్టి గరిమనాభి పెడితే నమూనా మొదటి చుట్టులోనే చేయి దాటిపోతుంది. రెక్క మొత్తానికి సగటు వెడల్పు కనుక్కుని, అది రెక్కలో ఏ చోట పడుతుందో చూసి, అక్కడి ముందంచు నుంచి కొలవాలి. కాగితం మీద ఇది తేలికే. రెక్క మొదటి గీతను వెనక్కి, కొస వెడల్పు అంత పొడిగించండి. కొస గీతను ముందుకు, మొదటి వెడల్పు అంత పొడిగించండి. ఈ రెండు చివరలనూ ఏటవాలుగా కలపండి. తర్వాత రెండు వెడల్పుల మధ్యబిందువులను కలపండి. ఈ రెండు గీతలూ ఖండించుకున్న చోటే సగటు వెడల్పు ఉంటుంది.

మీ అంకెలకు, నాలుగో వంతు గీత (ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు దూరాన పోయే గీత) దగ్గర 35 డిగ్రీల వాలు తీసుకుంటే, సగటు వెడల్పు 104 మి.మీ. వస్తుంది. అది బాడీ మధ్యగీతకు 117 మి.మీ. దూరంలో పడుతుంది. అక్కడ రెక్క ముందంచు, మధ్యగీత దగ్గరి ముందంచు కంటే 87 మి.మీ. వెనక ఉంటుంది. తొలి ఎగురుడుకు సగటు వెడల్పులో 15 శాతం దగ్గర పెట్టుకోండి. అంటే మధ్యగీత దగ్గరి ముందంచు నుంచి 103 మి.మీ. వెనక. అలవాటయ్యాక 20 శాతానికి, అంటే 108 మి.మీ. దగ్గరకు జరపవచ్చు.

ఇప్పుడు తీగలు. అదే కొలతలో మీ రెక్క కొస ముందంచు 188 మి.మీ. వెనక ఉంది. గరిమనాభి 103 దగ్గర ఉంది. కొస మొత్తం గరిమనాభికి 85 మి.మీ. వెనకే మొదలవుతోందన్న మాట. తీగలను కొసలోంచి తీస్తే గైడు (తీగలు రెక్క నుంచి బయటికి వచ్చే చోటి ఆధారం) గరిమనాభికి దాదాపు 105 మి.మీ. వెనక పడుతుంది. తీగ లాగుడు గరిమనాభి గుండా పోయే దిశకు విమానం తనంతట తానే తిరిగి సర్దుకుంటుంది. ఆ లెక్కన ముక్కు వృత్తానికి బయటివైపు 20 డిగ్రీలకు పైగా తిరిగిపోతుంది. అలా అడ్డంగా జారుతూ ఎగిరే నమూనాకు మోటారు బలమంతా గాలి నిరోధానికే ఖర్చవుతుంది. తిన్నని రెక్కలో కొస గరిమనాభికి సరిగ్గా పక్కన ఉంటుంది కాబట్టి మీ శిక్షణ నమూనాలో ఈ చిక్కు రాలేదు.

కాబట్టి కొసను మరిచిపోండి. గైడును రెక్క మీద మధ్యగీత నుంచి 140 మి.మీ. దూరంలో పెట్టండి. ఆ చోట ముందంచు 104 దగ్గర ఉంటుంది. రెండు తీగలనూ 108, 122 మి.మీ. గీతల దగ్గర బయటికి తీస్తే వాటి మధ్యబిందువు గరిమనాభికి 12 మి.మీ. వెనక పడుతుంది. ఎగిరేటప్పుడు గాలి తీగలను కాస్త వెనక్కి వంచుతుంది కాబట్టి ఆ కొద్దిపాటి వెనుకదనం కావలసిందే. గైడు దాటాక తీగలు కొంతదూరం రెక్క పైన పోయి, ముందంచును దాటి, వాలిన కొసకు ముందుగా ఖాళీ గాలిలోకి వెళ్లిపోతాయి. చూడటానికి వింతగా ఉంటుంది గానీ వాలు రెక్కకు ఇదే సరైన పద్ధతి. గైడుకు 1.5 మి.మీ. ప్లైవుడ్ ముక్క, అందులో రెండు ఇత్తడి గొట్టాలు చాలు. దానిని బోల్టుతో గానీ రెండు మూడు రంధ్రాలతో గానీ ముందుకూ వెనక్కూ జరిపేలా అమర్చండి. లెక్క ఎంత పక్కాగా ఉన్నా చివరి 3 మి.మీ. ఎగరేసి చూసే తేల్చుకోవాలి.

ఇంకో సభ్యుడు

పై వివరణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒకటి చేరుస్తాను. మిగ్-15 తోకరెక్క కాస్త చిన్నది. పోటీకి కాకపోతే దానిని 10, 15 శాతం పెద్దది చేయండి. చూసేవారు గుర్తుపట్టరు, చేతిలో మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది.

జవాబిచ్చినవారు

ఇక్కడ నా అభిప్రాయం వేరండీ. ఈ విమానం అందమంతా ఎత్తయిన నిలువు తోకలోనూ దాని మధ్యన గుచ్చినట్టున్న ఆ చిన్న తోకరెక్కలోనూ ఉంది. దానిని పెంచితే నాకు మిగ్-15 కనిపించదు. గరిమనాభి 15 శాతం దగ్గర ఉంటే స్కేలు తోక సరిపోతుంది. ఎలివేటర్ (తోకరెక్క వెనక పైకీ కిందికీ కదిలే పలక) కదలికను పైకీ కిందికీ 15 డిగ్రీలకు కట్టడి చేస్తే చాలు. తోక పెంచితే తోక బరువు కూడా పెరుగుతుందని మరవకండి. ఈ విమానానికి ముక్కు పొట్టి. గరిమనాభికి 200 మి.మీ. వెనక చేరిన ఒక్క గ్రాముకు, 100 మి.మీ. ముందున్న ముక్కులో రెండు గ్రాములు కట్టాలి. తోక పలకలకు 2 మి.మీ. మెత్తని, తేలికైన బాల్సా ఏరుకోండి. గట్టి పలకలను రెక్క కోసం దాచండి.

అడిగినవారు

చాలా ధన్యవాదాలండీ. రెక్క మీద 140 మి.మీ. గీత గీసి చూస్తే విషయం కళ్లకు కట్టింది. ఇప్పుడు ఇంకో చిక్కు. బెల్‌క్రాంక్ (రెండు తీగలూ తగిలించే, బోల్టు మీద తిరిగే మీట) రెక్క మీద ఉంది, ఎలివేటరేమో నిలువు తోకలో సగం ఎత్తున ఉంది. ఆ రెండింటినీ కలిపే పుష్‌రాడ్ అంత ఏటవాలుగా పోవచ్చా? అలాగే రెక్క 5 మి.మీ. పలక. బెల్‌క్రాంక్ బోల్టు లాగుడికి ఊడిపోదా?

జవాబిచ్చినవారు

ఏటవాలుగా పోవడం తప్పు కాదు, రాడ్ వంగడమే తప్పు. ఎలివేటర్‌ను తోసే దిశలో సన్నని ఉక్కు తీగ విల్లులా వంగితే, మీరు చేయి తిప్పినా ఎలివేటర్ కదలదు. ఒకవైపు లాగేటప్పుడు బాగానే పనిచేస్తుంది కాబట్టి చేతిలో పట్టుకుని పరీక్షించినప్పుడు లోపం బయటపడదు. 3 మి.మీ. కార్బన్ గొట్టం తీసుకుని రెండు కొసలకూ 1.5 మి.మీ. ఉక్కు తీగ అతికించి దారంతో చుట్టండి. బాడీ ఎడమ పక్కన రెండు చోట్ల ప్లైవుడ్ ఆధారాలు పెట్టండి. వాటి రంధ్రాలు వదులుగా ఉండాలి, రాడ్ తన బరువుకే జారాలి. వేలితో ఎలివేటర్‌ను గట్టిగా అదిమి పట్టుకుని పిడిని తిప్పి చూడండి. రాడ్ పక్కకు ఉబికితే ఇంకో ఆధారం కావాలి.

బోల్టు సంగతి. నాలుగు సెకన్లకు ఒక చుట్టు వేస్తే 10.6 మీటర్ల తీగల మీద వేగం గంటకు 60 కిలోమీటర్లు. 200 గ్రాముల నమూనా అప్పుడు దాదాపు 530 గ్రాముల బలంతో తీగలను లాగుతుంది. ఇది మామూలు ఎగురుడు లెక్క. గాలి విసురుకు, కుదుపుకు ఇంకా పెరుగుతుంది. అందుకని బరువుకు పది రెట్లు, అంటే 2 కిలోలు లాగి చూడాలి. రెక్క పైనా కిందా 1.5 మి.మీ. ప్లైవుడ్ పలకలు అతికించి వాటి గుండా 3 మి.మీ. బోల్టు వేయండి. ఆ పలకలు బాడీ వరకూ సాగి దానికి కూడా అతుక్కోవాలి. అప్పుడే లాగుడు బాల్సా మీద కాకుండా మొత్తం కట్టడం మీద పంచుకుంటుంది.

తీగలుగా అల్లిన పాలిథిలిన్ చేపల దారం వాడవచ్చు. ఒంటిపోగు నైలాన్ దారం మాత్రం వద్దు. అది సాగుతుంది, మీరు చేయి తిప్పింది విమానానికి ఆలస్యంగా చేరుతుంది.

అడిగినవారు

బ్యాటరీని ఏ పక్కన కట్టాలి? మరో మాట. ముక్కున ప్రొపెల్లర్ తిరుగుతుంటే జెట్ అనిపించదు కదా, దాని బదులు డక్టెడ్ ఫ్యాన్ (గొట్టం లోపల తిరిగే ఫ్యాన్) పెట్టుకోవచ్చా?

ఇంకో సభ్యుడు

బ్యాటరీ ఎడమ పక్కన, అంటే వృత్తం లోపలివైపు. ఎగిరేటప్పుడు బరువులన్నీ బయటికి విసిరేయబడతాయి. లోపలివైపు కట్టిన బ్యాటరీ బాడీకి మరింతగా అదుముకుంటుంది. బయటివైపు కట్టినది పట్టీని తెంపుకుని పోవాలని చూస్తుంది. వీలైనంత ముందుకు కట్టండి, ముక్కులో సీసం వేసే అవసరం తప్పుతుంది.

డక్టెడ్ ఫ్యాన్‌కు చదునైన బాడీ పనికిరాదు. గాలి లోనికి రావడానికి దారి, బయటికి పోవడానికి గొట్టం, అంటే బోలు బాడీ కట్టాలి. నమూనా ఇంకా పెద్దది కావాలి. పైగా చిన్న ఫ్యాన్లు చేతి నుంచి వదిలిన క్షణంలో బలహీనంగా ఉంటాయి, వేగం అందుకోవడానికి సమయం తీసుకుంటాయి. సరిగ్గా ఆ క్షణంలోనే కంట్రోల్ లైన్‌కు బిగువైన తీగలు కావాలి. ప్రొపెల్లర్ తిరుగుతున్నప్పుడు పది మీటర్ల దూరం నుంచి కనబడదండీ. కనబడేది వాలు రెక్కలూ తోకా. నిజంగా జెట్ శక్తితోనే ఎగరాలనుకున్నవారు 1940లలోనే డైనాజెట్ పల్స్‌జెట్ (ఇంధనాన్ని విడతలు విడతలుగా మండించే చిన్న జెట్) ఇంజన్లను కంట్రోల్ లైన్ వేగ నమూనాలకు బిగించారు. అది పెద్ద శబ్దం, పెద్ద వేడి, వేరే లోకం.

అడిగినవారు

కట్టడం అయిపోయింది. రంగుతో సహా 188 గ్రాములు. 2 కిలోల లాగుడుకు తట్టుకుంది. వెండి రంగు ఒక్క పూతే వేశాను. తొలి ఎగురుడుకు ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

జవాబిచ్చినవారు

188 అంటే చాలా సంతోషం. అంతకు మించి పూతలు వేయకండి.

కుడి రెక్క కొసలో 5 గ్రాముల బరువు పెట్టండి, తర్వాత మార్చుకునేలా. మోటారును బయటివైపు రెండు డిగ్రీలు తిప్పండి. ఎగిరేటప్పుడు కుడి రెక్క మీ వైపు పైకి లేస్తూ ఉంటే కొస బరువు పెంచాలి, కిందికి వేలాడుతుంటే తగ్గించాలి. అయితే ముందు రెక్కలో మెలిక ఏమైనా ఉందేమో వెనక నుంచి కంటితో చూడండి. మెలికను బరువుతో సరిదిద్దితే ఒక్క వేగంలోనే సరిపోతుంది.

విమానం చేతిలో నిలకడ లేకుండా పైకీ కిందికీ గెంతుతుంటే పుష్‌రాడ్‌ను బెల్‌క్రాంక్‌లో లోపలి రంధ్రానికి, ఎలివేటర్ కొమ్ములో (పుష్‌రాడ్ తగిలించే చిన్న మీటలో) బయటి రంధ్రానికి మార్చండి. దానితోనూ తగ్గకపోతే బ్యాటరీని మరింత ముందుకు జరపండి.

మైదానం చుట్టూ విద్యుత్ తీగలు ఉండకూడదు. ఇందులో రాజీ లేదు. ఉరుము వినిపించినా ఎగరేయడం ఆపేయాలి. పిడికి కట్టిన తాడు మణికట్టుకు తగిలించుకోకుండా మోటారు ఆన్ చేయవద్దు. తీగలు తగిలించాక ప్రతిసారీ పిడిని పైకి తిప్పి ఎలివేటర్ పైకే లేస్తోందా అని చూడండి. తీగలు తారుమారు కావడం క్షణంలో పని.

చక్రాలు చిన్నవి, గడ్డిలో పరుగెత్తవు కాబట్టి తోడుగా ఒకరు చేతితో వదలాలి. గాలి మీ వీపుకు తగిలేలా నిలబడండి. అప్పుడు విమానం గాలివాటుకు మీ నుంచి దూరంగా నెట్టబడి తీగలు బిగువుగా ఉంటాయి. వదిలేవారు రెక్కలు సమంగా పట్టుకుని, ముక్కు పైకెత్తకుండా, రెండడుగులు నడిచి తిన్నగా ముందుకు తోయాలి, పైకి విసరకూడదు. వదిలాక ఆయన అక్కడే నేల మీద కూర్చోవాలి, వృత్తంలోకి నడవకూడదు. మోటారును ఆపే టైమరును తొలిసారి ఒక్క నిమిషానికే పెట్టుకోండి. మోటారు ఆగగానే ఒకటి రెండు అడుగులు వెనక్కి వేసి తీగల బిగువు కాపాడండి, ఎలివేటర్‌ను మాత్రం నేలకు మోకాలెత్తు దూరం వచ్చేవరకు లాగకండి. వాలు రెక్క ముందే లాగితే వేగం చచ్చి దబ్బున కూలుతుంది.

గైడు ఏ రంధ్రంలో కుదిరిందో, గరిమనాభి చివరికి ఎక్కడ నిలిచిందో ఎగరేశాక రాయండి. మిగ్-21 నక్షా గీసేటప్పుడు ఆ రెండు అంకెలు కావాలి.