ఎర్రచెల్క కుంటలో నీళ్లు నిలవాలంటే: నల్లరేగడా, చెరువు పూడికా, బెంటొనైటా?

చెల్కరైతు: పాలమూరు వైపు ఎర్రచెల్కలో కుంట. పైన 30×30 మీటర్లు, లోతు 3, వాలు 1.5:1 (ఒక మీటరు లోతుకు మీటరున్నర అడ్డం). రోజుకు 8 సెం.మీ. నీళ్లు దిగుతున్నాయి. ప్లాస్టిక్ షీటు వద్దు, మట్టితోనే ఆపాలి. రేగడి, పూడిక దగ్గర్లోనే ఉన్నాయి. బెంటొనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి పొడి) కొనాలి. ఏది మేలు?

గట్టుపని: అందులో ఆవిరయ్యేది ఒక సెంటీమీటరు అటూఇటూ, మిగతాదంతా ఇంకుతున్నదే. ముందు వాలు తగ్గించండి. 1.5:1 మీద రోలర్ నడవదు, సరిగా అణచని మట్టి ఎంత మంచిదైనా కారుతుంది. 3:1 చేస్తే నిల్వ సుమారు 1,970 ఘనపు మీటర్ల నుంచి 1,400కు పడిపోతుంది, జాగా ఉంటే పైన వెడల్పు పెంచండి.

రేగడి తడిగా ఉన్నన్నాళ్లు నీటిని బాగా ఆపుతుంది. కుంట ఎండిందంటే బీటలు అడుగుదాకా దిగుతాయి, తొలకరి నీళ్లు వాటిలోంచే పోతాయి. అందుకే 30 సెం.మీ. రేగడి మీద 15–20 సెం.మీ. మొరం (గులకతో కలిసిన గట్టి మట్టి) కప్పాలి. రేగడిని 15 సెం.మీ. చొప్పున రెండు పొరలుగా వేయండి. గడ్డలు చితక్కొట్టి, మొదటి పొరను గీరి, తడిపి, ఆ తర్వాతే రెండోది. 3 మి.మీ. తీగలా నులిమితే అప్పుడే విరగబోతున్నట్టుంటే తేమ సరిపోయినట్టు. షీప్‌ఫుట్ రోలర్ (డ్రమ్ము చుట్టూ ఇనుప కాళ్లున్న రోలర్) కాళ్లు దిగబడకుండా పైపైన నడిచేదాకా తొక్కించాలి.

ఒండ్రు: పూడికంతా ఒకటే అనుకోవద్దండి. కట్ట దగ్గర బంక, వాగు వచ్చి కలిసేచోట ఇసుక. పైన వేర్లున్న పొర తీసేయండి. ఎండు గడ్డను వాననీళ్ల గ్లాసులో వేసి పది నిమిషాలు కదపకండి. చుట్టూ పాలలా మబ్బు కమ్మితే అది వద్దు. అలాంటి మట్టి నీటిలో విడిపోయి, లోపల సొరంగాలు పడి గట్టే తెగుతుంది. చౌడునేలల్లో ఈ బెడద ఎక్కువ.

సోడియంబంక: బెంటొనైట్ అయితే సోడియం రకమే తీసుకోండి, కాల్షియం రకం అంతగా ఉబ్బదు. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 2 గ్రాముల పొడి చిటికెడు చిటికెడుగా వేసి మర్నాడు చూడండి: 24 మి.లీ. దాకా ఉబ్బితే మంచి సరుకు. అదే పరీక్ష మీ బోరు నీళ్లతోనూ చేయండి, ఉప్పునీటిలో ఉబ్బు పడిపోతుంది. చదరపు మీటరుకు 10 కిలోలు వేసుకుంటే, 3:1 వాలుతో 940 చ.మీ.కు 9.4 టన్నులు. పొడి నేల మీద సమంగా పరిచి, రోటవేటర్‌తో 10–12 సెం.మీ. లోతు కలిపి, తడిపి తొక్కించి, పైన మొరం. నిండిన కుంటలో చల్లితే ఎక్కడ పడుతుందో తెలియదు, డబ్బు దండగ.

చెల్కరైతు: రేగడిలోనే కొంచెం బెంటొనైట్ కలిపితే?

గట్టుపని: అక్కర్లేదు. రేగడిలో ఉన్నదీ ఆ జాతి బంకే, కలిపితే బీటలు ఇంకా పెరుగుతాయి. బెంటొనైట్ మీ ఎర్రమట్టిలో కలపాల్సింది. రేగడి ట్రాక్టరు దూరంలో ఉంది కాబట్టి నేనైతే రేగడే వేయమంటాను. 940 చ.మీ. మీద 30 సెం.మీ. మందానికి 280 ఘనపు మీటర్లు కావాలి, అది అణిగిన కొలత, వదులు మట్టి అంతకంటే ఎక్కువే తోలించండి.