యెల్లో జోన్‌లో డ్రోన్ సర్వే: అనుమతి కోసం ముందు ఎవరిని కలవాలి?

నమస్కారం అండీ. మాది చిన్న డ్రోన్ సర్వే సంస్థ. ఒక లేఅవుట్‌కి మ్యాప్ చేసిచ్చే పని ఒప్పుకున్నాం. స్థలం ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపే ఉంది, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై సైట్ మ్యాప్‌లో పసుపు రంగులో, అంటే అనుమతి ఉంటేనే ఎగరేయాల్సిన యెల్లో జోన్‌లో పడింది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల ఎత్తు వరకు ఎవరినీ అడగక్కర్లేదు. మాకు ఆ అదృష్టం లేదు, నేల మీంచి లేచిన దగ్గర్నుంచీ ఏటీసీ (విమానాల రాకపోకల్ని నియంత్రించే విభాగం) అనుమతి కావాల్సిందే.

డ్రోన్‌కి యూఐఎన్ (రిజిస్ట్రేషన్ నంబర్), పైలట్‌కి సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ అన్నీ ఉన్నాయి. దరఖాస్తు మాత్రం వారాల తరబడి కదలట్లేదు. ఎయిర్‌పోర్టుకి ఫోన్ చేస్తే పోలీసుల ఎన్‌ఓసీ తెమ్మంటున్నారు. స్టేషన్‌లో అడిగితే ఎయిర్‌పోర్టు వాళ్లు ఒప్పుకున్నాక రండి అంటున్నారు. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్టుంది. ఈలోగా క్లయింట్ అడ్వాన్స్ వెనక్కి అడుగుతాడేమోనని ఒకటే టెన్షన్.

ఇలాంటి చోట అనుమతి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? లెటర్ ఎవరి పేరున రాశారు? ఎగరేసే హద్దుల్ని మ్యాప్ మీద చూపే కేఎంఎల్ ఫైల్, ఎత్తు, టైమ్ స్లాట్ ముందే జతచేస్తే పని తొందరగా అవుతుందా? స్థలం యజమాని చేత దరఖాస్తు పెట్టించమని ఒకరు సలహా ఇచ్చారు, నాకైతే నమ్మకం కుదరలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.