సిమ్‌సిటీ 4 తర్వాత వచ్చిన ఆటలో నగరం ఎందుకింత ఇరుకైంది?

గోదారిగట్టు:
మిత్రులారా, 2003లో వచ్చిన నగరాలు కట్టే కంప్యూటర్ ఆట సిమ్‌సిటీ 4ను ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచి ఆడుతున్నాను. అందులో నేను ఎక్కువ కాలం గడిపింది మా రాజమహేంద్రవరాన్ని కట్టుకోవడంలోనే. ఖాళీ ప్రాంతం తీసుకుని, నేలను మలిచే పనిముట్లతో గోదావరిని తవ్వి, ఈ గట్టున మా ఊరు, ఆ గట్టున కొవ్వూరు పెట్టి, నడుమ వంతెన వేసి, ఉదయం పూట దాని మీద పెరిగే రద్దీని గమనిస్తూ రెండో వంతెన ఎక్కడ వేయాలా అని గంటల తరబడి ఆలోచించేవాడిని.

ఇటీవల 2013 నాటి సిమ్‌సిటీ మొదలుపెట్టాను. పదేళ్ల తర్వాత తయారైన ఆట కాబట్టి నా గోదావరికి ఇంకా చోటు దొరుకుతుందని ఆశపడ్డాను. తీరా చూస్తే ఒక నగరానికి ఇచ్చిన స్థలం పొడవున 2 కిలోమీటర్లు, వెడల్పున 2 కిలోమీటర్లు మాత్రమే. మా ఊరి రోడ్డు, రైలు వంతెనే అంతకంటే పొడవుంటుంది. నేలను మలిచే వీలు లేదు, భూగర్భ రైలు లేదు. ఈ కుదింపుకు సాంకేతిక కారణం ఏదైనా ఉందా, లేక పాత ఆట మీది మమకారంతో కొత్తదానికి నేను అన్యాయం చేస్తున్నానా?

పాతపటం:
అన్యాయమేమీ లేదండీ. సిమ్‌సిటీ 4లో పెద్ద నగరానికి ఒక్కో వైపు 4 కిలోమీటర్లు ఉండేది, అంటే విస్తీర్ణంలో నాలుగు రెట్లు. పైగా అక్కడ నగరాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి కాబట్టి ఊరు పెరిగి పక్క ఊరిని కలుపుకునేది. 2013 ఆటలో నగరానికీ నగరానికీ మధ్య మనం ముట్టుకోలేని ఖాళీ నేల ఉంటుంది.

కారణం విషయానికొస్తే, సిమ్‌సిటీ 4 లెక్క చాలావరకు గణాంకాల మీద నడుస్తుంది. 2013 ఆటను లోపల నడిపించే గ్లాస్‌బాక్స్ అనే యంత్రాంగం మాత్రం మనిషి, వాహనం, కరెంటు, నీరు, మురుగు అన్నింటినీ రోడ్ల వెంట కదిలే విడివిడి వాహకాలుగా (ఏజెంట్లుగా) లెక్కిస్తుంది. ఆ భారం కంప్యూటర్లు మోయాలంటే స్థలం తగ్గించక తప్పలేదన్నది అప్పట్లో వినిపించిన సమాధానం. అంత మూల్యం చెల్లించి మనకు దక్కిందేమిటంటే, సాయంత్రం పని నుంచి వచ్చే మనిషి తన ఇంటికి కాక దగ్గరలో ఖాళీగా కనిపించిన ఇంట్లోకి వెళ్లిపోతాడు, మర్నాడు దగ్గరున్న ఏదో ఒక ఉద్యోగంలో చేరతాడు. తెర మీద కనిపించే జనాభా సంఖ్యకూ నిజంగా తిరిగే మనుషుల సంఖ్యకూ పొంతన కుదరదు. నన్ను స్థలం కంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే.

వంకరవీధి:
మీ ఇద్దరి బాధ అర్థమైంది కానీ, ఆ ఆటలో బాగున్నదాన్ని కూడా చెప్పాలి. వంపు తిరిగే రోడ్లు మొదటిసారి అంత సహజంగా వేయగలిగాం, పాఠశాలకు గదులు, ఆసుపత్రికి విభాగాలు అవసరం కొద్దీ జోడించుకోగలిగాం. నీటి ప్రవాహాన్నీ, కరెంటు సరఫరానూ పటం మీద రంగులతో చూపిన తీరు నేటికీ నాకు ముచ్చటగా ఉంటుంది. చిన్న ఊరిని శ్రద్ధగా తీర్చిదిద్దేవారికి అది చెడ్డ ఆట కాదు. సిమ్‌సిటీ 4 అన్న పేరు పక్కన నిలబెట్టినప్పుడే అది చిన్నబోతుంది.

పాతపటం:
ఒప్పుకుంటాను. అయితే భద్రపరచుకునే హక్కు సంగతి మరిచిపోవద్దు. పాత ఆటలో నగరాన్ని సేవ్ చేసుకుని, సరదాకు అగ్నిపర్వతాన్ని రప్పించి, మళ్లీ పాత స్థితికి వచ్చేవాళ్లం. 2013లో నగరం సర్వర్‌లో ఉండేది, వెనక్కి తీసుకునే దారి లేదు. విడుదలైన మార్చిలో ఆ సర్వర్లు తట్టుకోలేక చాలామంది ఆట తెరవనైనా లేకపోయారు. నెట్ లేకుండా ఆడుకునే సౌకర్యం రావడానికి ఏడాది పట్టింది. నలభై గంటలు పెంచిన ఊరి మీద ఆటగాడికి ఆ మాత్రం అధికారం లేకపోవడం స్థలం చాలకపోవడం కంటే పెద్ద లోటు.

ఇటుకబట్టీ:
గోదారిగట్టు గారూ, 2015 మార్చిలో వచ్చిన సిటీస్: స్కైలైన్స్ అనే మరో నగర నిర్మాణ ఆట చూశారా? ఫిన్లండ్‌కు చెందిన చిన్న బృందం తయారుచేసింది. అందులోనూ మనుషులను విడివిడిగానే లెక్కిస్తారు, ఒక్కొక్కరికి సొంత ఇల్లు, సొంత ఉద్యోగం ఉంటాయి. అయినా ఒక్కొక్కటి దాదాపు 2 కిలోమీటర్ల చదరంగా ఉండే గడులను తొమ్మిది వరకు కొనుక్కోవచ్చు. కాబట్టి వాహకాల లెక్క ఉంటే ఊరు చిన్నదిగానే ఉండాలన్న వాదన రెండేళ్లకే బలహీనపడింది. దానితో వచ్చే పటాల ఎడిటర్‌లోకి నిజమైన ప్రదేశాల ఎత్తుపల్లాల చిత్రాన్ని తెచ్చుకోవచ్చు. మీ గోదావరిని చేత్తో తవ్వే పని కూడా ఉండదు.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. ఇటుకబట్టీ గారు చెప్పిన ఎడిటర్‌ను నిన్న రాత్రి తెరిచాను. నది వెడల్పు తగ్గించకుండానే పటంలో పట్టింది. బయటి రహదారి మొదటి గడిలోనే కలవాలి కాబట్టి, విజయవాడ దారి వచ్చే కొవ్వూరు వైపు నుంచి మొదలుపెడుతున్నాను. వంతెనకు డబ్బు కూడేదాకా మా ఊరు ఆవలి గట్టున ఖాళీ నేలగానే ఉంటుంది.