అప్‌డేట్: స్కూల్ బాత్రూంలో ప్యాడ్ల పెట్టె నిండింది

పోయిన నెల నేనడిగిన దానికి అప్‌డేట్ ఇది. మేముండేది కాలిఫోర్నియాలో. ఏడో తరగతి చదివే మా అమ్మాయికి స్కూల్లో ఉన్నట్టుండి పీరియడ్ వచ్చింది. బాత్రూంలో ప్యాడ్ల పెట్టె ఖాళీ. స్వెటర్ నడుముకు చుట్టుకుని ఇంటికొచ్చింది. ఎవరిని అడగాలి, అడిగితే గొడవకు దిగినట్టుంటుందా అన్నది నా టెన్షన్.

అడగడమే మంచిదైంది. 2021లో వచ్చిన ఏబీ 367 చట్టం ప్రకారం ఇక్కడి పబ్లిక్ స్కూళ్లలో 6 నుంచి 12 తరగతుల పిల్లలకు బాత్రూంలోనే ఉచితంగా ప్యాడ్లు, టాంపన్లు ఉంచాలి. 2022-23 నుంచి అమల్లో ఉంది. తర్వాత 3వ తరగతి నుంచే వర్తించేలా మార్చారు. నాకు బాగా పనికొచ్చిన ముక్క వేరే ఉంది: సరుకు అయిపోకుండా చూసే మనిషి ఈమెయిల్, ఫోన్ నంబరుతో బాత్రూంలో నోటీసు పెట్టాలి. మా అమ్మాయిని చూసి రమ్మన్నాను. ఉంది, చేతులు ఆరబెట్టుకునే మెషిన్ వెనక సగం దాక్కుని!

ఆ ఈమెయిల్‌కు నాలుగు లైన్లు రాశాను. చట్టం పేరెత్తాను గానీ కోపం చూపించలేదు. మూడో రోజుకు పెట్టె నిండింది. పనివాళ్లు మారడంతో నింపే బాధ్యత ఎవరిదో తేలలేదట. "ఆఫీసులో అడిగినా ఇచ్చేవాళ్లం" అని కూడా రాశారు. పన్నెండేళ్ల పిల్ల నలుగురి ముందు కౌంటర్ దగ్గర నిలబడి అడుగుతుందా చెప్పండి?

బ్యాగులో రెండు ప్యాడ్లు ఎలాగూ పెడుతున్నాం. మా ఆయన ఇప్పటికీ ఆ మాట గొంతు తగ్గించే అంటారు, కానీ మొన్న షాపులో ప్యాకెట్ తనే తీసి బండిలో వేశారు.